మా ఊళ్ళో ఒకావిడ

నా పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథంలో అచ్చుతప్పులు చాలానే ఉన్నాయి. వాటి గురించి నాకు దిగులు లేదు. చదివేవాళ్ళు సర్దుకుని చదువుకుంటారు. కానీ మొదటి అధ్యాయానికి ముందు కృతజ్ఞతల పేజీ ఒకటుంది. అందులో ఉన్న తప్పు అచ్చులో దొర్లింది కాదు, నేను తెలిసి చేసింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో ఆ గ్రంథం ఇప్పటికీ విశ్వవిద్యాలయం బీరువాలో ఉంది. ఒకసారి సమర్పించిన దాంట్లో పేజీ మారుస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. నేను పోయాక ఎవరైనా దాన్ని తెరిచి, ఆ పేజీలో ఉన్నదే నిజమనుకుంటారేమోనన్న భయం ఈమధ్య ఎక్కువైంది. అందుకే అసలు జరిగింది ఇక్కడ రాసిపెడుతున్నాను.

భయం ఇప్పుడే ఎందుకు ఎక్కువైందంటే, పోయిన నెల సాంబశివరావు గారు కాలం చేశారు. ప్రత్తిపాడు దగ్గరి మా ఊరి గ్రంథాలయానికి ఆయన చాలా ఏళ్ళు గ్రంథపాలకులు. పరామర్శకి వెళితే వాళ్ళమ్మాయి లోపలినుంచి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పాతవన్నీ పారేస్తుంటే నాన్న ఇదొక్కటీ ఇంటికి తెచ్చుకున్నారండి. మీ పేజీ దగ్గర దారం పెట్టి ఉంచారు" అంది. సభ్యులు ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. పుస్తకం నంబరు, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ ముత్యాల్లాంటి చేతిరాతలో ఉన్నాయి. నా పేజీలో వరసకి వరస నిండి ఉంది. మధ్యలో ఒకచోట మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఎర్రసిరాతో, "మూడు వారాలు పుస్తకములు ఇవ్వరాదు" అని ఉంది. నేను డాక్టరేటు సాధించింది ఆ ఖాళీ పుణ్యాన. ఈ మాట విన్నవాళ్ళు నవ్వుతారు గానీ, నిజం అదే.

మాది ఎకరంన్నర మిరప. నాన్నకి చెముడు. అరిచి చెప్పినా సగమే వినపడేది. అందుకని బయటి పనులన్నీ అమ్మే చూసేది. అమ్మ పేరు అంకమ్మ. కాయ కోతకొచ్చిందంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. కల్లంలో కాయ ఎండబోసి, పొద్దుగూకేలోగా కుప్పచేసి పట్టా కప్పి, మర్నాడు మళ్ళీ విప్పి పరిచేవాళ్ళం. గాలి తిరిగితే అన్నంలో కూడా ఘాటు తగిలేది. బట్టలు, చాప, నీళ్ళ బిందె, అన్నిటికీ ఒకటే వాసన. అమ్మ పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకుని పనిలోకి దిగేది, సాయంత్రం మజ్జిగతో కడుక్కునేది. అయినా వేళ్ళ మంట పోయేది కాదు. పడుకున్నప్పుడు కూడా చేతులు ఒంటికి తగలకుండా దూరంగా చాపుకుని పడుకునేది. ఆ రెండు మూడు నెలలూ నా ముఖాన్ని వేళ్ళతో ముట్టుకునేది కాదు. ముద్దొస్తే మణికట్టు వెనక భాగంతో చెంప నిమిరేది. లోకంలో తల్లులందరూ మిరపకోతల కాలంలో అలాగే చేస్తారని నేను చాలాకాలం అనుకున్నాను.

కల్లం దగ్గర కాపలా నా పని. కోళ్ళు, మేకలు రాకుండా చూడాలి, మబ్బు కనపడితే కేకెయ్యాలి. ఆ పని చేస్తూ నేను పుస్తకాలు చదివాను. పదో తరగతి తర్వాత చదువు మాన్పించారు. ఆ మాన్పించిన చదువంతా గ్రంథాలయంలో నాకు నేనే చెప్పుకున్నాను. చరిత్ర, నవలలు, వైద్యం, వ్యవసాయం, పాత పత్రికల సంపుటాలు, ఏ బీరువా తెరిస్తే దాన్ని ఖాళీ చేసేదాన్ని. నచ్చిన భాగాలు ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. పైన తేదీ వేసేదాన్ని గానీ ఏ పుస్తకంలోదో రాసుకునేదాన్ని కాదు. చదివాక అది నాదైపోయింది, ఇక ఎక్కడిదని రాయడమెందుకు అన్నది నా గర్వం. పాత పుస్తకాల భాష నాకు ఎంత మోజంటే, సొంతంగా ఒక మాట రాసుకున్నా "చేయవలెను, చూడవలెను" అనే రాసేదాన్ని. అమ్మ అడిగేది, "ఏందే అంతగా రాస్తన్నావ్? నాక్కూడా చెప్పు" అని. "నీకు అర్థం కాదులే అమ్మా" అనేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

ఒకరోజు చదువులో పడి మబ్బు చూడలేదు. అకాలవర్షం. అమ్మ పొలంనుంచి పరుగెత్తుకొచ్చేసరికి సగం కాయ తడిసింది. కప్పుదామని పట్టా అందుకునే హడావిడిలో నా చేతిలోని పుస్తకం కాయలో పడి నానింది. తడిసిన కాయ రంగు పోయి తాలుగా మారుతుంది, ధర సగం కూడా రాదు. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మర్నాడు ఎండ కాశాక ఆ పుస్తకాన్ని కాయల పక్కనే పెట్టి, పేజీకి పేజీకి మధ్య చొప్పపుల్ల పెట్టి, రోజంతా తిరగేస్తూ ఆరబెట్టింది. తీసుకెళ్ళి ఇస్తే సాంబశివరావు గారు తెరిచారు. తెరిచిన పాపానికి వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మారు. కళ్ళు తుడుచుకుని, "అమ్మాయ్, ఇది పుస్తకమా, పచ్చడి జాడీనా?" అన్నారు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన ఎర్రసిరా కలం తీశారు.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో నాకు అప్పుడే మర్చిపోవాలనిపించింది. మర్చిపోయాను కూడా.

తర్వాత పెళ్ళయి గుంటూరు వచ్చాను. మా ఆయన శ్రీనివాసరావు ఎరువుల కొట్లో గుమాస్తా. చదువుకుంటానంటే అడ్డు చెప్పలేదు. ప్రైవేటుగా డిగ్రీ, ఆ తర్వాత ఎం.ఎ. పూర్తిచేసి, పరిశోధనలో సీటు తెచ్చుకున్నాను. "మిరప, పత్తి పనుల్లో స్త్రీల అనుభవజ్ఞానం" అన్నది నా అంశం. గైడు వరలక్ష్మి గారు మెత్తగా మాట్లాడతారు గానీ కాగితం మీద మాత్రం చాలా కఠినం. సిద్ధాంత గ్రంథానికి ముందు రెండు పరీక్షలు రాయాలి. పరిశోధన పద్ధతుల పేపరులో నేను తప్పాను. పేపరు నింపి వచ్చాను కదా, ఎందుకు తప్పానని అడిగితే ఆవిడ నా జవాబు పత్రాన్ని గుర్తుచేసుకుని, "మీరు బోలెడు చెప్పారమ్మా. ఎవరు చెప్పారో ఒక్కచోటా చెప్పలేదు. ఇక్కడ మనకి తెలిసినదానికి మార్కులు లేవు, తెలిసిన దారికి మార్కులు" అన్నారు. నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఆరునెలల తర్వాత మళ్ళీ రాసి గట్టెక్కాను గానీ, ఆ మాట ఇంకా తలకెక్కలేదు. గ్రంథాలయాల్లో చదివి పైకొచ్చినదాన్ని, నన్ను దారి అడుగుతారేమిటని లోపల కోపంగానే ఉండేది.

నా గ్రంథంలో నాలుగో అధ్యాయం గుండెకాయ లాంటిది. మిరపకాయ ఎండిందీ లేనిదీ తేల్చే పద్ధతి గురించి నా పాత నోటుబుక్కులో ఒక పేరా ఉంది. "కాయ ఎండినదీ లేనిదీ కంటితో తేల్చరాదు. పైని ఎరుపు మోసము చేయును. గుప్పెడు కాయలు తీసి చెవి వద్ద ఆడింపవలెను. గింజ మోగినచో సగము ఎండినట్లు. పిడికిట పట్టి వదలినచో కాయ తిరిగి లేవవలెను. విరిగినచో హెచ్చు, అణగియున్నచో తక్కువ." అధ్యాయమంతా ఈ పేరా మీద కట్టాను. కింద ఒక పాత వ్యవసాయ పుస్తకం పేరు వేశాను. అందులోదేనని నాకు గట్టి నమ్మకం. ఆ భాష అలాగే ఉంది మరి.

వరలక్ష్మి గారు ఎర్రపెన్సిలుతో సున్నా చుట్టి, "పేజీ నంబరు?" అన్నారు. ఇదొక్కటే కాదు, గ్రంథం నిండా అలాంటి సున్నాలు అరవై దాకా ఉన్నాయి. సమర్పించడానికి నాలుగు నెలల గడువుంది. అది దాటితే నమోదు రద్దవుతుంది, మళ్ళీ మొదటికి రావాలి. ఇంకో ఐదేళ్ళు ఇల్లు, పిల్ల, మా ఆయన జీతం భరించలేవని నాకు తెలుసు. నాతోపాటు పరిశోధన చేస్తున్న రమాదేవి తేలిగ్గా తీసిపారేసింది. "ఏదో ఒక పేజీ వేసెయ్యవే సుజాతా! ఆ పుస్తకం ఎవడి దగ్గరుందని? పరీక్షకుడు వెతుక్కుంటా కూర్చుంటాడా?"

"దొరికితే?"

"దొరికితే పాత ముద్రణ అని చెప్పు. అందరూ చేసేదేలే."

ఆ రాత తప్పని చెప్పగలిగేవాడు ఉండడని నాకూ తెలుసు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే తిరిగాను. చివరికి ఆపింది నీతి కాదు, గర్వమే. గ్రంథాలయం మీద అబద్ధం చెప్పడమంటే నాకు చదువు చెప్పినదాని మీదే చెప్పినట్టు. నోటుబుక్కులు సంచిలో వేసుకుని ప్రత్తిపాడు బస్సెక్కాను.

సాంబశివరావు గారు ఇంకా అక్కడే ఉన్నారు. సంగతంతా విని కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "తేదీలున్నాయిగా?" అన్నారు. ఉన్నాయన్నాను. "అయితే దిగులెందుకు? నువ్వు ఏ రోజు ఏ పుస్తకం తీసుకెళ్ళావో నేను రాశాను. ఏ రోజు ఏం రాసుకున్నావో నువ్వు రాశావు. రెండూ పక్కపక్కన పెడితే సరి." పదిహేను ఆదివారాలు ఆ బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన తేదీ చదివి పుస్తకం తీసేవారు, నేను పేజీలు తిప్పేదాన్ని. ఒక్కొక్క సున్నా పూడుతూ వచ్చింది. నేను బీరువాలు ఖాళీ చేసిన రోజులన్నీ నా కళ్ళ ముందు మళ్ళీ నడిచాయి. చివరికి ఒక్కటే మిగిలింది. నాలుగో అధ్యాయం పేరా.

ఆ వ్యవసాయ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. లేదు. ఆయన రిజిస్టరులో నా పేజీ తీసి, వేలు కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు.

"అమ్మాయ్, ఇది ఏ పుస్తకంలోదీ కాదు."

"ఎందుకండి?"

"ఈ తేదీన నీ దగ్గర పుస్తకమే లేదు. పచ్చడి జాడీ గుర్తుందా? ఆ మూడు వారాలు నేను నీకు ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు."

బయట ఎండ మండుతోంది. నేను నోటుబుక్కులో ఆ పేరా పైనున్న తేదీ మళ్ళీ చూసుకున్నాను. చదవడానికి ఏమీ లేని మూడు వారాలు. కల్లంలో ఊరికే కూర్చోలేక అమ్మ వెనకాల తిరిగిన మూడు వారాలు. అప్పుడు మొదటిసారి నాకు ఆవిడ మాట వినపడి ఉంటుంది.

అక్కడినుంచి నేరుగా కల్లానికి వెళ్ళాను. అమ్మ తాలు ఏరుతోంది. ఎక్కడిదో చెప్పకుండా ఆ పేరా చదివి వినిపించాను. చేతులు ఆపకుండానే వింది.

"ఎవడే రాసింది? సగమే రాశాడు" అంది.

"సగమేంది?"

"తొడిమ సంగతేదీ? గింజ మోగుద్ది, కాయ లేస్తది, అన్నీ బాగానే ఉంటయ్. తొడిమ కింద గోరుతో నొక్కి చూడాల. ఆడ మెత్తగా తగిల్తే ఇంకా రెండెండలు కావాల. అది చూడకుండా బస్తాకెత్తితే లోపల బూజు పట్టుద్ది. చెప్పానుగా నీకు, తడిసిన కాయని మళ్ళీ ఎండబోసేటప్పుడు?"

"ఇదంతా నువ్వు చెప్పిందేనా అమ్మా?"

"నేను గాక మీ నాన్న చెప్తాడా? చెవి దగ్గర ఊపితే ఆయనకేం వినపడుద్ది!" అని నవ్వి, "అయినా నేను చెప్పింది నువ్వు ఈ పంతులు మాటల్లోకి మార్చావేందే? నాకే అర్థం కాలా" అంది.

అధ్యాయం మళ్ళీ రాశాను. తొడిమ సంగతి చేర్చాను. నేను వెతికిన పుస్తకాల్లో దేంట్లోనూ లేని మాట అది. కింద ఆధారం రాశాను: జొన్నల అంకమ్మ, వ్యవసాయం, చదువు లేదు. పెళ్ళయ్యాక నా ఇంటిపేరు వేరు కాబట్టి ఆవిడ నాకేమవుతుందో చూసేవాళ్ళకి తెలియదు. నేనూ రాయలేదు. సొంత మనుషుల మాట ఆధారంగా చూపిస్తే పరీక్షకులు ఒప్పుకోరేమోనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజముంది. మిగతా సగం ఏమిటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. గ్రంథాలయంలో నేర్చుకున్నదాన్ని అనిపించుకోవాలి నేను. కల్లంలో నేర్చుకున్నదాన్ని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. బ్రాడీపేటలో టైపు చేసిపెట్టిన బాజీ కృతజ్ఞతల పేజీ చూపిస్తూ, "మేడం, గైడు గారి పేరుంది, గ్రంథాలయాల పేర్లున్నాయి. ఇక్కడ 'కని పెంచిన తల్లిదండ్రులకు' అని ఊరికే ఉంది. పేర్లు వేయమంటారా?" అని అడిగాడు. "అక్కర్లేదులే బాజీ, ఉండనీ" అన్నాను.

మౌఖిక పరీక్ష నాటికి మళ్ళీ మిరప కోతలు. రానంటుందనుకుంటే, కాయని నాన్నకి అప్పజెప్పి అమ్మ వచ్చింది. ఉతికిన నేత చీర కట్టుకుంది. వేళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. మా ఆయన ఆవిడని వెనక వరసలో కూర్చోబెట్టాడు. పరీక్షకుడు వేరే ఊరినుంచి వచ్చిన పెద్దాయన. ముందు అధ్యాయాలమీద నాలుగైదు ప్రశ్నలు వేశారు. తర్వాత నాలుగో అధ్యాయం తెరిచి, "ఈ అంకమ్మ గారు ఎవరమ్మా?" అన్నారు.

"మా ఊళ్ళో ఒకావిడండి" అన్నాను.

నోట్లోంచి వచ్చేశాక వెనక్కి చూడలేదు.

"ఎంతవరకు చదువుకున్నారు?"

"చదువు లేదండి. నిశాని."

ఆయన ఆ పేజీ మీద వేలు పెట్టారు. "నేనూ రైతు బిడ్డనే. ఈ తొడిమ సంగతి నేను ఎక్కడా చదవలేదు. ఈ గ్రంథంలో కొత్తగా ఏముందని అడిగితే నేను ఈ పేజీ చూపిస్తాను. ఆవిడ కనపడితే నా నమస్కారాలు చెప్పండి" అన్నారు.

ఆవిడ నాకు పదడుగుల వెనక ఉంది. ఒక్క మాట చాలు. వెనక్కి తిరిగి వేలు చూపించినా చాలు. "అలాగేనండి" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. వరండాలోకి వచ్చాక అమ్మ దగ్గరికొచ్చి, చెయ్యి ఎత్తి, వేళ్ళు చూసుకుని, మణికట్టుతో నా చెంప నిమిరింది. ప్రత్తిపాడు బస్సెక్కించడానికి వెళ్ళాను. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి అంది.

"ఆ పెద్దాయన నమస్కారం చెప్పమన్నాడు గదే, మీ ఊళ్ళో ఒకావిడకి. మర్చిపోబాక."

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఏమైనా ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తర్వాత ఆవిడ పదకొండేళ్ళు బతికింది. ఎన్నో పండగలకి వెళ్ళాను, ఆసుపత్రులకి తిప్పాను, కాళ్ళు పట్టాను. ఆ నమస్కారం మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆ రోజు నేను అన్న మాట ఎత్తాలి. ఎత్తలేకపోయాను.

ఇప్పుడు కల్లాల్లో తేమ చూసే మిషన్లు వచ్చాయి. గాజుపలకమీద అంకె కనపడుతుంది. వాన సంగతి ఫోనే చెబుతుంది. నా దగ్గరికొచ్చే పరిశోధక విద్యార్థులు పుస్తకం పేజీని ఫోటో తీసుకుంటారు. పేజీ నంబరు ఫోటోలోనే ఉంటుంది, నా అవస్థ వాళ్ళకి లేదు. మంచిదే. అయితే మొన్న ఊరెళ్ళినప్పుడు చూశాను. మిషను పెట్టి అంకె చూసిన వ్యాపారే గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. తర్వాత తొడిమ కింద గోరు పెట్టాడు. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరు నేర్పేదేముందండి, అందరికీ తెలిసిందేగా" అన్నాడు. నేనూ అలాగే అనుకుని ఉంటాను ఒకప్పుడు. నేర్పినవాళ్ళ పేరు అలాగే పోతుంది.

ఇక ఆ పేజీ ఎలా ఉండాల్సిందో అలా రాస్తాను. తెలిసిన దారికే విలువని చెప్పిన వరలక్ష్మి గారికి. పదిహేను ఆదివారాలు నాకిచ్చి, నా గర్వాన్ని ఎర్రసిరాతో మూడు వారాలు ఆపిన సాంబశివరావు గారికి. తప్పుడు సలహా ఇచ్చినా, గడువు రోజున నా కట్టలు మోసుకుంటూ కార్యాలయం మెట్లెక్కిన రమాదేవికి. అడగాల్సిన ప్రశ్న అందరికంటే ముందు అడిగిన బాజీకి. అమ్మని పిలుచుకొచ్చి గదిలో కూర్చోబెట్టిన మా ఆయన శ్రీనివాసరావుకి. నాలుగో అధ్యాయం చెప్పిన జొన్నల అంకమ్మకి. ఆవిడ మా ఊళ్ళో ఒకావిడ కాదు, మా అమ్మ.

అమ్మా, ఆ పెద్దాయన నీకు నమస్కారాలు చెప్పమన్నారు.